నాలుగవ దయ్యము
(అజరయ్య బిషప్పుగారి జీవితమునుండి మనకొక పాఠము)

ధ్యానమునకు: యిర్మీయా 35వ అధ్యాయము, గలతీయులకు 6:1–5



యిర్మీయా ప్రవక్త దినములలో రేకాబీయులను ఒక వంశమువారుండిరి. వారు ఇండ్లు కట్టుకొనక, పొలము దున్నక, ద్రాక్షతోటలు నాటక, గుడారములలోనే కాపురముండిరి. వారి పితరుడైన యెహోనాదాబు వారికిచ్చిన ఆజ్ఞలలో ద్రాక్షారసము త్రాగకూడదనునది ఒకటి. బబులోను రాజు దండెత్తి వచ్చినప్పుడు వారు భయపడి, ఉన్నచోటు విడిచి యెరూషలేము పట్టణమునకు వచ్చి చేరిరి. అక్కడ ప్రవక్త, దేవుడు చెప్పినచొప్పున, వారిని మందిరపు గదిలోనికి పిలిపించి, నిండు పాత్రలను గిన్నెలను వారియెదుట పెట్టి త్రాగుడని చెప్పెను. వారు త్రాగలేదు. ఊరు మారినది, బ్రతుకు మారినది, చుట్టునున్న జనము మారినది. అయితే గుడారములో నేర్చుకొన్నదానిని వారు పట్టణములో విడిచిపెట్టలేదు.

ఈ నెల ఈ అధ్యాయమును మేము ఎత్తుకొనుటకు ఒక కారణము కలదు. మన సంఘములలో హైదరాబాదులో పనిచేయు బిడ్డ లేని ఇల్లు నేడు అరుదు. మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రామ్‌గూడ అను పేర్లు ఇప్పుడు మన ముసలమ్మల నోటికి కూడ వచ్చినవి. ఒకప్పుడు బండరాళ్లును తుప్పలును ఉన్న ఆ నేలమీద నేడు అద్దాల మేడలు లేచినవి. మన పిల్లలలో కొందరు ఆ మేడలలో కంప్యూటర్ల యెదుట కూర్చుండువారు. కొందరు వాకిట కాపలా కాయువారు. కొందరు కార్లు నడుపువారు, ఇంటింటికి భోజనము మోయువారు. మరికొందరు ఉదయమున అడ్డాలయొద్ద నిలిచి కూలికి పిలుపు కొరకు కనిపెట్టువారు. వారు పంపు డబ్బుతో మన పాకలు స్లాబు ఇండ్లైనవి. దీని నిమిత్తము దేవునికి స్తోత్రము. అయితే క్రిస్మసు పండుగకు వారు ఇంటికి వచ్చునప్పుడు కొందరితోకూడ త్రాగుడును వచ్చుచున్నది. ఆరాధన ముగిసి అందరు వెళ్లినతరువాత, కొంగు నోటికడ్డము పెట్టుకొని మాయొద్దకు వచ్చు తల్లులను మేమెరుగుదుము.

గడచిన వేసవిలో అట్టి తల్లి ఒకతె బ్రతిమాలగా, మేము డోర్నకల్ జంక్షనులో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, అక్కడనుండి లోకలు రైలులో హైటెక్ సిటీ స్టేషనుకు పోతిమి. ఆమె కుమారుడు నలుగురు పిల్లలతో కలిసి ఒక ఇరుకు గదిలో ఉండెను. మంచముక్రింద ఖాళీ సీసాలుండెను. అతడు వాటిని దాచుటకు ప్రయత్నింపలేదు. శుక్రవారము రాత్రి పని ముగియగానే తోడివారందరు త్రాగుటకు పోవుదురనియు, పోనివాడు ఆ వారమంతయు ఒంటరివాడగుననియు, తాను రెండుమార్లు మాని రెండుమార్లు పడిపోతిననియు చెప్పెను. ఒక్క మనిషి ఒంటరిగా మానగలడా అని మమ్మును అడిగెను.

పట్టణము మన పిల్లలను పాడుచేయుచున్నదని చెప్పుటకు మేము సిద్ధపడితిమి. అంతలో అతడు మరియొక మాట చెప్పెను. తాను మొట్టమొదట త్రాగినది మాదాపూరులో కాదట. మన ఊరిలోనే, మన సంఘములో జరిగిన ఒక పెండ్లిలో, పందిరివెనుక, సంఘపెద్ద ఒకరు చేతికిచ్చిన గ్లాసుతోనట. ఆ పెండ్లి చేసినది మేమే. పందిరివెనుక ఏమి జరుగుచున్నదో ఆ దినమున మాకు తెలియును. తెలిసియు, పెండ్లివారి మనస్సు నొప్పించుట ఎందుకని ఊరకుంటిమి.

సహోదరులారా, మేము ఆ బిడ్డకు జవాబు చెప్పలేకపోతిమి. తిరుగు ప్రయాణములో డోర్నకల్‌లో దిగి, అక్కడి పెద్ద దేవాలయపు మెట్లమీద కొంతసేపు కూర్చుంటిమి. ఆ దేవాలయమును కట్టించిన మనుష్యుడు నూరేండ్లక్రిందట ఇదే ప్రశ్నను ఎదుర్కొనెను గదా అని మాకప్పుడు తోచెను. కావున ఆయన జీవితమును మన సంఘస్థులకు మరల జ్ఞాపకము చేయుచున్నాము.

వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తమిళదేశములోని తిరునల్వేలి ప్రాంతమందు వెళ్లాళన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి ఆ పల్లెలోనే సంఘకాపరి. తల్లి చాలకాలము ప్రార్థించిన పిమ్మట పుట్టిన బిడ్డ గనుక, హన్నా కుమారునివలె ఈయనకును శామ్యూల్ అని పేరుపెట్టిరి. వారిది నాడారు కులము. తాటిచెట్లెక్కి రసము దించుట, దానిని బెల్లముగా వండుట, కల్లుగా అమ్ముట ఆ కులములో అనేకులకు పూర్వపు జీవనాధారము. కాబట్టి తాటిచెట్టు బెల్లమునిచ్చునో కల్లునిచ్చునో అది మనుష్యుని చేతిలో ఉన్నదని తెలిసిన జనములో ఆయన పెరిగెను. గీత వృత్తిమీద బ్రతుకు మన పొరుగువారిని నిందించుట మన పని కాదు. మన చేతిలోని ముంతను గూర్చియే మనము లెక్క అప్పగింపవలెను.

ఆయన పిల్లవాడుగా ఉండగానే తండ్రి చనిపోయెను. భక్తిగల తల్లి క్రమశిక్షణలో పెంచెను. మిషను పాఠశాలలలోను, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివెను. అయితే చివరి పరీక్షల సమయమున జబ్బుపడి పట్టము పొందలేకపోయెను. మన పిల్లలలో పరీక్ష తప్పినవారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. దేవుడు ఆయనను విడిచిపెట్టలేదు. 1895లో వై.యం.సి.ఏ. సేవలో ప్రవేశించి, దక్షిణదేశమంతట తిరిగి యౌవనులకు బోధించెను. 1898లో అంబు మరియమ్మాళ్ గారిని వివాహమాడెను. ఆమె చదువుకొన్న స్త్రీ. తరువాత డోర్నకల్ పల్లెలలో స్త్రీలమధ్య ఆమె చేసిన పని కొంచెమైనది కాదు.

1902లో ఆయన సింహళములోని యాఫ్నాకు పోయెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను పంపుచుండిరి. అది చూచి, తమ తిరునల్వేలి సంఘము ఇంతకాలము పుచ్చుకొనుటయే గాని ఇచ్చుట నేర్వలేదని ఆయన మనస్సు నొచ్చుకొనెను. మరుసటి సంవత్సరమే, అనగా 1903లో, తిరునల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడెను. 1905వ సంవత్సరము క్రిస్మసు దినమున సీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడుటలోను ఆయన ముఖ్యుడు. తిరునల్వేలి సంఘస్థులు తమ మొదటి సువార్తికులను పంపుటకు ఏర్పరచుకొన్న పొలము మన డోర్నకల్ ప్రాంతమే. అది అప్పుడు నైజాం రాజ్యములో అడవి అంచున ఉన్న వెనుకబడిన నేల.

కొంతకాలము ఆయన కార్యదర్శిగా ఇతరులను పంపుచుండెను. ఇతరులను పొమ్మని చెప్పుచు తాను పోకుండుట ఎట్లు అను ప్రశ్న ఆయనను విడువలేదు. 1909లో ఆ పదవిని విడిచి, అభిషేకము పొంది, కుటుంబముతో డోర్నకల్‌కు వచ్చెను. వచ్చినప్పుడు ఆయనకు ఇల్లు లేదు, గుడారములో నివసించెను. ముప్పదియైదేండ్ల వయస్సున పసిబిడ్డవలె తెలుగు అక్షరములు దిద్దుకొనెను. రేకాబీయుల గుడారమును ధ్యానించునప్పుడెల్ల మాకు ఈ గుడారము కూడ జ్ఞాపకము వచ్చును.

1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయునికి అట్టి పదవి తగదని ఆ దినములలో తెల్లవారిలోను మనవారిలోను అనేకులు ఎదురు చెప్పిరి. ఆయన వారితో వాదులాడుటకంటె ఎడ్లబండి కట్టించుకొని పల్లెలకు పోవుటయే మేలని ఎంచెను.

ఆ పల్లెలలో ఆయన చూచినదేమి? మాల మాదిగ పాలెములు. పగలంతయు దొర పొలములో వెట్టి, కూలి గింజలలో, అప్పు తాతనాటిది. సాయంకాలమున కల్లు. కల్లు అనగా కేవలము దాహము తీర్చు పానీయము కాదు. పెండ్లి నిశ్చయమైతే కల్లు, శవమును పూడ్చివచ్చితే కల్లు, కులపంచాయితి తీరితే కల్లు, గ్రామదేవత జాతరకు కల్లు. తప్పుచేసినవాడు కట్టవలసిన దండుగ కూడ కల్లే. ప్రభుత్వమునకు ఆబ్కారీ పన్ను గొప్ప ఆదాయము గనుక ఆ దుకాణమును మూయించువారెవరును లేరు. ఇట్టి పాలెములో ఒక్క మనిషి లేచి నేను త్రాగనని చెప్పినయెడల అతడు మానివేసినది ముంతను మాత్రమే కాదు. పెండ్లిలో కూర్చుండు చోటును, పెద్దలయొద్ద మాటను, చావుకు మోయు నలుగురిని కూడ పోగొట్టుకొనునట్లుండెను. మాదాపూరు గదిలో ఆ బిడ్డ మాతో చెప్పిన ఒంటరితనము ఇదే గదా.

అజరయ్యగారు తన అధ్యక్ష మండలములోని పల్లెలను పీడించు నాలుగు దయ్యములున్నవని బోధించుచుండెను. అవి ఏవనగా మురికి, జబ్బు, అప్పు, త్రాగుడు. మేము ఆలోచించినకొలది ఈ నాలుగు ఒకదాని చేయి ఒకటి పట్టుకొనియున్నవని తెలియుచున్నది. మురికినుండి జబ్బు వచ్చును. జబ్బునుండి అప్పు వచ్చును. అప్పు బాధ మరచుటకు మనిషి త్రాగును. త్రాగినవాడు ఇల్లు వాకిలి మరచును గనుక మరల మురికి వచ్చును. కాబట్టి ఒక దయ్యమును మాత్రమే వెళ్లగొట్టి తక్కిన మూడింటిని ఇంటనుంచుకొన్నయెడల, వెళ్లినది మరల వచ్చి తలుపు తట్టును. త్రాగుబోతును తిట్టువారు అనేకులు. అతని అప్పును గూర్చి అడుగువారు ఎందరు?

ఇక ఆయన నాలుగవ దయ్యముతో ఎట్లు పోరాడెనో చూతము. ఆయన చేతిలో చట్టము లేదు, పోలీసు లేడు. ఆయనకున్నది ఉపదేశి, లాంతరు, సంఘము. పాలెములవారు ఆ దినములలో ఒక్కొక్కరుగా గాక, కుటుంబములు కుటుంబములుగా, కొన్నిచోట్ల పాలెమంతయు కలిసి క్రీస్తునొద్దకు వచ్చుచుండిరి. దీనిని కొందరు తప్పుపట్టిరి. గుంపుగా వచ్చువారిలో నిజమైన మార్పు ఉండదనిరి. అయితే త్రాగుడు విషయములో ఆ గుంపే మేలైనది. కులపెద్దయు కూలివాడును ఒక్క రాత్రి మానినప్పుడు మానుట అవమానము కాదు, త్రాగుటయే అవమానమగును. ఒక్కడు మోయలేని బరువును పాలెమంతయు ఎత్తెను. ఒకని భారములనొకడు భరింపవలెనని పౌలు గలతీయులకు వ్రాసినది ఇదే గదా.

అంతమాత్రముచేత బాప్తిస్మము వెంటనే ఇచ్చుట లేదు. పగలు పనిచేసి వచ్చినవారికి రాత్రివేళ ఉపదేశి ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను చాలకాలము నేర్పవలెను. బిషప్పుగారు బండిలో వచ్చి, దీపము వెలుతురులో కూర్చుండి, పరీక్షించి చూచును. పాటలేనిదే పల్లె బ్రదుకదని ఆయనకు తెలియును. కల్లుతోకూడ పండుగను కూడ తీసివేసినయెడల ఇల్లు ఖాళీగా ఊడ్చి ఉంచినట్లగును. కాబట్టి డోర్నకల్ సంఘములలో భజనలు, తెలుగు కీర్తనలు, కథలు, నాటకములు, కోతకాల పండుగలు వర్ధిల్లెను. మానినవాని చేతిలో ముంతకు బదులు తాళములు పెట్టిరని మనము చెప్పవచ్చును.

మరియొక సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. బాప్తిస్మము పొందినవారు తమ చేతులను తమ తలలమీద ఉంచుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్తను ప్రకటింపనియెడల తమకు శ్రమ అనియు అర్థమిచ్చు మాటలు పలుకునట్లు ఆయన చేయించుచుండెను. నిన్న మొన్న వచ్చిన కూలివానికి, అక్షరము రాని ముసలమ్మకు కూడ ఈ బాధ్యతను అప్పగించెను. మారినవాడు ఇంకొకనికి చెప్పవలెను. ఇంకొకనికి చెప్పువాడు తాను తేలికగా వెనుకకు పోడు. ఎందుకనగా అతని మాట నమ్మి నడచువాడొకడు వెనుక నిలిచియున్నాడు.

దీనికి దూరదేశమునుండి ఒక సాక్ష్యము కలదు. 1935వ సంవత్సరమున అమెరికాలోని ఆక్రన్ పట్టణమునకు పనిమీద వచ్చిన బిల్ విల్సన్ అను వ్యాపారి, అంతకు కొన్ని నెలలముందే త్రాగుడు మానినవాడు, పని చెడిపోయి మరల త్రాగవలెనను ఆశతో బాధపడెను. అప్పుడతడు తన్ను ఆదుకొనువానిని గాక, తాను ఆదుకొనదగిన వేరొక త్రాగుబోతును వెదకెను. ఆ విధముగా రాబర్ట్ స్మిత్ అను వైద్యుని కలిసికొనెను. ఇద్దరు కలిసి నిలిచిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము అట్లు మొదలై నేడు లోకమంతట వ్యాపించియున్నది. హైదరాబాదులోను దాని కూటములు జరుగుచున్నవి. ఆక్రన్‌లో ఒక మనిషి కష్టములో కనుగొన్న సత్యమును మన డోర్నకల్ పల్లెలలో కూలివారు తలమీద చేయి పెట్టుకొని అంతకుముందే నేర్చుకొనుచుండిరి.

ఈ సేవకు ఫలమేమి? 1935 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలములో సుమారు 250 మంది భారతీయ గురువులును, రెండువేలకు మించిన గ్రామ ఉపదేశకులును ఉండిరి. 1940 ప్రాంతమున సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటెను. సంఖ్యకంటె గొప్ప సంగతి ఒకటి కలదు. మాల మాదిగలలో కలిగిన మార్పును కన్నులార చూచి, వారిని అంతవరకు వాకిటికి రానియ్యని కులములవారు సహా అనేకులు క్రీస్తును గూర్చి విచారింపసాగిరి. పుస్తకము చదువని ఊరు పొరుగువాని నడకను చదివెను. 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన డోర్నకల్ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. గుడి, మసీదు, చర్చి వీటి పోలికలను కలిపి మనదేశపు రీతిగా కట్టిన ఆ మందిరము నేటికిని నిలిచియున్నది. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన అజరయ్యగారు డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన ఎంతో కోరి ప్రయాసపడిన సంఘైక్యత, దక్షిణ ఇండియా సంఘముగా, 1947 సెప్టెంబరు 27న నెరవేరెను. అది ఆయన కన్నులు చూడలేదు.

ఆయన దినములలో త్రాగుడు పూర్తిగా పోయెనని మేము చెప్పము. కొన్ని పాలెములు నిలిచినవి, కొన్ని జారినవి. తండ్రులు మానినదానిని కుమారులు మొదలుపెట్టిరి. అందుచేతనే ప్రతి తరము తన చేతిని తన తలమీద మరల పెట్టుకొనవలసియున్నది.

చట్టముచేత ఈ పని కాదా అని కొందరు అడుగుదురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వారు వెలిగించిన దీపము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. ఆ స్త్రీలకు మనము నమస్కరింపవలెను. అయితే 1997లో ఆ నిషేధము ఎత్తివేయబడెను. మరుసటి సంవత్సరము, 1998 నవంబరులో, మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమాయెను. అనగా చట్టము కంచెను తీసివేసిన మరుసటి యేటనుండియే మన పిల్లలు ఆ త్రోవను పోవుటకు మొదలుపెట్టిరి. వారికి తోడుగా వెళ్లవలసిన సంఘము ఊరిలోనే ఉండిపోయెను. చట్టము వచ్చును, పోవును. యెహోనాదాబు కుటుంబమునకు రాజాజ్ఞ ఏదియు లేదు. ఇంటి మాటయే వారిని పట్టణములో కాపాడెను.

కాబట్టి ఆ బిడ్డకు మేము ఆలస్యముగా చెప్పిన జవాబు ఇది. ఒక్క మనిషి ఒంటరిగా మానుట బహు కష్టము. దేవుడు అతనిని ఒంటరిగా మానుమని చెప్పలేదు. రేకాబీయులలో ఒక్కడు కాదు, వంశమంతయు ఆ గదిలో కూర్చుండెను. ఒక్కొక్కని ప్రక్కన తన సహోదరుడు తన గిన్నెను ముట్టకుండుట ప్రతివాడు చూచెను.

ఈ జవాబు చెప్పుటకుముందు మేము చేయవలసిన పని ఒకటుండెను. పెద్దలను కూర్చుండబెట్టి, ఆ పెండ్లి దినమున మేము మౌనముగా ఉన్న సంగతిని మొదట మేమే ఒప్పుకొంటిమి. గ్లాసు అందించిన పెద్ద తన్ను ఎవరును పేరుపెట్టి అడుగకముందే తల వంచుకొనెను. ఆ రాత్రి మేము మూడు తీర్మానములు చేసితిమి. మొదటిది, మన సంఘములో జరుగు పెండ్లిలోగాని దినములోగాని పందిరి ముందైనను వెనుకనైనను మద్యముండరాదు. ఉన్నయెడల కాపరియు పెద్దలును భోజనమునకు కూర్చుండరు. రెండవది, హైదరాబాదులోనున్న మన పిల్లల పేర్లు, గదులు, ఫోను నంబర్లు ఒక పుస్తకములో వ్రాసి, వారమునకొకమారు ఎవరో ఒక పెద్ద వారితో మాటలాడవలెను. డబ్బు పంపితివా అని కాదు, నీవెట్లున్నావని అడుగవలెను. మూడవది, ఆ ప్రాంతమున పనిచేయు మన చుట్టుప్రక్కల ఊళ్ల పిల్లలు, మేడలో పనిచేయువాడైనను వాకిట కాపలావాడైనను భేదము లేక, శుక్రవారము రాత్రి ఒక గదిలో కూడి వండుకొని తిని, ఒక కీర్తన పాడి ప్రార్థించుకొనవలెను.

ఒక హెచ్చరిక కూడ చేయుచున్నాము. చాలకాలము దినదినము త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణకుట, ఫిట్సు వచ్చుట, మతి తప్పుట కలుగవచ్చును, అది ప్రాణాపాయము. అట్టివానిని ప్రార్థనకు తెచ్చుటతోపాటు వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో దీనికి చికిత్స కలదు. 14446 అను నంబరుకు ఫోను చేసినయెడల రుసుము లేకుండ సలహా దొరకును. వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసము కాదు. లూకా వైద్యుడే గదా. మరియు త్రాగి బండి నడపుట ఎంత చిన్న దూరమునకైనను వద్దు. దానికి చట్టము జుల్మానాయు చెరసాలయు విధించుచున్నది; అంతకంటె ఎక్కువగా, దారిన పోవు వేరొక తల్లి బిడ్డ ప్రాణము దానిమీద ఆధారపడియున్నది.

ఆ బిడ్డ సంగతి చెప్పి ముగింతుము. అతడు ఆరు వారములు నిలిచెను. ఏడవ వారమున పడిపోయెను. అయితే ఈమారు అర్ధరాత్రివేళ తానే ఫోను చేసి చెప్పెను. శుక్రవారపు గదిలోని ముగ్గురు, వారిలో ఒకడు రాత్రి కాపలా ముగించుకొని, వెంటనే అతనియొద్దకు పోయిరి. తెల్లవారువరకు అతని ప్రక్కన కూర్చుండిరి. ఒక్క నిందమాటయైనను ఆడలేదు. అతడు మరల మొదటినుండి దినములు లెక్కపెట్టుకొనుచున్నాడు. మొన్నటి వారమున కొత్తగా ఒక కుర్రవానిని ఆ గదికి తానే వెంటబెట్టుకొని వచ్చెనని విన్నాము. అది విన్నప్పుడు తలమీద చేతులు పెట్టుకొని నిలిచిన ఆనాటి కూలివారు మా కన్నులకు కట్టినట్లు కనబడిరి.

యిర్మీయా ఆ అధ్యాయపు చివర, రేకాబు వంశములో దేవుని సన్నిధిని నిలుచువాడు ఎన్నటికిని లేకపోడని దేవుడు వాగ్దానము చేసెను. మన గుడారములు సరిగా ఉన్నయెడల మన పిల్లలు ఏ పట్టణములోనైనను నిలుతురు. పందిరివెనుక ఏమున్నదో ప్రతి సంఘమును ఈ నెల చూచుకొనును గాక.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా ఊళ్లలోను పట్టణములోను త్రాగుడుచేత కట్టబడినవారిని విడిపించుము. తెలిసియు మౌనముగానున్న మా దోషమును క్షమించుము. పడిపోయినవానియొద్దకు అర్ధరాత్రి లేచి పోవు ప్రేమను మాకిమ్ము. నీ సేవకుడైన అజరయ్యను మాయొద్దకు పంపినందుకు నీకు స్తోత్రములు. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమెన్.